నీడే మొదటి లెక్క

వేసవి సెలవుల్లో చీపురుపల్లిలో రైలెక్కే కుటుంబానికి విశాఖపట్నం అనగానే సముద్రపు ఒడ్డునున్న కైలాసగిరి కొండ గుర్తొస్తుంది. కానీ ఎండాకాలంలో పిక్నిక్ చోటును అందాన్ని బట్టి కాదు, మిట్టమధ్యాహ్నం దొరికే నీడను బట్టి ఎంచుకోవాలి. గుబురు చెట్లు ఎండను ఆపడమే కాదు, ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదిలి గాలిని చల్లబరుస్తాయి. సిమెంటు కప్పు ఆ పని చేయలేదు. అందుకే పగలు కంబాలకొండ అడవి నీడ, పొద్దు వాలాక కైలాసగిరి. అడవిలో సముద్రపు గాలి తగలదనేవారూ ఉన్నారు. నిజమే, కానీ నెత్తిన ఎండ మాడుస్తుంటే ఆ గాలొక్కటే పసిపిల్లలను కాపాడలేదు.

తిండి సంగతి ఇంకా ముఖ్యం. 32 డిగ్రీలు దాటిన వేడిలో వండిన పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచవద్దని అమెరికా ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. మన వేసవికి ఆ హద్దు మరీ దగ్గర. కాబట్టి పేరున్న హోటల్ కంటే, పొయ్యి మీంచి వేడివేడిగా ఇడ్లీ, దోసె దించి పెట్టే చిన్న దుకాణమే నయం. కొబ్బరి చట్నీ మాత్రం అప్పుడే రుబ్బిందో లేదో అడగాలి. ఇంటి వంటే శుభ్రం, చవక అంటారా? ఒప్పుకోవాల్సిందే. అయితే పప్పు, కూరల కంటే పులిహోర మేలు, చింతపండు పులుపు సూక్ష్మజీవుల జోరు తగ్గిస్తుంది. దాన్నైనా పొద్దున్నే తినేయాలి. దాహానికి ఐసు వేసిన రసాలెందుకు, కళ్లముందే కొట్టిచ్చే కొబ్బరిబోండాలు, తాటిముంజలు ఉండగా!