తాతల నాటి పనిముట్లు తుక్కుకి వేసేస్తున్నారా? ఆగండి.. ముందు ఇవి చూసుకోండి!

ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఎప్పుడో ఒకసారి ఇలాంటిది మీ కంట పడే ఉంటుంది. ముద్దలా తుప్పు పట్టిన పాత బెంచ్ వైస్. ఎవరో దాన్ని ఊడదీస్తారు, ఏదో ద్రావణంలో ముంచుతారు, రుద్దుతారు, రంగు వేస్తారు. ఇరవై నిమిషాల్లో అద్దంలా మెరిసే వైస్ బయటికొస్తుంది. మాట లేదు, పాట లేదు.. అయినా కళ్లు తిప్పుకోలేం.

వీడియో అయిపోయాక చాలామందికి అటక మీద ఉన్న తాతగారి పనిముట్ల పెట్టె గుర్తొస్తుంది. తప్పులు జరిగేది ఇక్కడే. కొందరు అవి ఎందుకూ పనికిరావని కిలోల లెక్కన పాత ఇనుప సామాన్లకి వేసేస్తారు. ఇంకొందరు ఉత్సాహంగా గ్రైండర్ పెట్టి గీకేసి, ఉన్న విలువ కాస్తా పోగొట్టుకుంటారు. మరి ఏది దాచుకోవాలి? ఎలా బాగుచెయ్యాలి? ఎక్కడ ఆగాలి? వివరంగా చూద్దాం.

పాత పనిముట్లంటే ఎందుకంత మోజు?

వడ్రంగులు చెక్కని నున్నగా చేసే చిత్రికనే తీసుకోండి. హైదరాబాద్ వైపు దీన్నే రందా అంటారు. అమెరికాకి చెందిన లియొనార్డ్ బెయిలీ ఇనుప చిత్రికకి ఒక మంచి ఏర్పాటు చేశాడు. చిన్న చక్రం తిప్పితే చాలు, బ్లేడు వెంట్రుకవాసి పైకీ కిందికీ కదులుతుంది. 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసింది. ఇవాళ షాపులో దొరికే ఇనుప చిత్రికల్లో చాలావరకు అదే డిజైన్. అందుకే వందేళ్ల నాటిది దొరికినా విప్పొచ్చు, బాగుచెయ్యొచ్చు, మళ్లీ పనిలో పెట్టొచ్చు.

సేకరించేవాళ్లు వీటిని అంకెలతోనే గుర్తుపడతారు. నాలుగో నంబర్ అంటే సుమారు 9 అంగుళాల పొడవు, నున్నదనం కోసం వాడేది. ఐదో నంబర్ 14 అంగుళాలు, ఏడో నంబర్ 22 అంగుళాలు. కొన్నిటి మీద బ్లేడు వెనక పేటెంట్ తేదీలు పోతపోసి ఉంటాయి. 1902, 1910 లాంటి ఏళ్లు కనిపిస్తాయి. అది తయారైన తేదీ అనుకుని చాలామంది పొరబడతారు. అది పేటెంట్ తేదీ మాత్రమే. ఆ పనిముట్టు దాని తర్వాత ఎప్పుడైనా తయారై ఉండొచ్చు.

'క్యాస్ట్ స్టీల్' ముద్ర ఉందా? పారేయకండి

పాత ఇంగ్లిష్ ఉలుల మీద 'క్యాస్ట్ స్టీల్' అనే ముద్ర కనిపిస్తుంది. అది చూసి 'పోత ఇనుమేలే' అని తీసిపారేస్తారు. అసలు విషయం వేరు. మూసలో పూర్తిగా కరిగించి తీసిన నాణ్యమైన ఉక్కు అని దానర్థం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో ఈ పద్ధతిని తెచ్చాడు. పదును బాగా నిలబడుతుందని దానికి పేరు.

నిజానికి మూసలో ఉక్కు తీయడం మనవాళ్లకి అంతకుముందే తెలుసు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్లు. అంటే అటక మీది ఆ తుప్పు ఉలి వెనక చాలా పెద్ద కథే ఉందన్నమాట.

మన దగ్గరి యంత్రాల సంగతేంటి?

చేతి పనిముట్లే కాదు, పాత లేత్‌లు, డ్రిల్లింగ్ మెషిన్ల మీద మక్కువ ఉన్నవాళ్లూ ఉన్నారు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. కర్ణాటకలోని హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ 1941లో, బెంగళూరులో హెచ్‌ఎంటీ 1953లో వచ్చాయి. మన ఐటీఐల్లో, చిన్న వర్క్‌షాపుల్లో ఎంతోమంది ఇలాంటి యంత్రాల మీదే పని నేర్చుకున్నారు. తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు వచ్చాయి. పాతవి మూలన పడ్డాయి.. తర్వాత టన్నుల లెక్కన తుక్కులోకి పోయాయి.

ఇలాంటి యంత్రం మీకు దొరికితే ముందు చెయ్యాల్సిన పని ఒకటే. దాని మీద ఉన్న నేమ్ ప్లేట్‌ని ఫొటో తీసుకోండి. మోడల్ పేరు, సీరియల్ నంబర్ అందులోనే ఉంటాయి. విడిభాగాలు వెతకాలన్నా, పాత మాన్యువల్ సంపాదించాలన్నా అదే ఆధారం. దాన్ని పీకెయ్యడం, దాని మీద రంగు పూసెయ్యడం లాంటివి అస్సలు చెయ్యొద్దు.

కొనేముందు తుప్పు కాదు.. పగులు చూడండి!

హైదరాబాద్‌లో జుమేరాత్ బజార్, ఎర్రగడ్డ సంత, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత సామాన్లు వెతికేవాళ్లు ఉంటారు. అక్కడ తుప్పు చూసి భయపడక్కర్లేదు. పైపైన ఉన్న తుప్పు వదిలిపోతుంది. బీడుకి, అంటే క్యాస్ట్ ఐరన్‌కి పగులొస్తే మాత్రం కష్టం. దాన్ని మామూలు వెల్డింగ్‌తో అతికిస్తే చల్లారేటప్పుడు పక్కనే మళ్లీ పగులుతుంది. నికెల్ రాడ్లు కావాలి, ముందుగా వేడి చెయ్యాలి, చేయి తిరిగిన పనివాడు ఉండాలి.

కంటికి కనపడని పగులు కనిపెట్టడానికి మెకానిక్‌ల దగ్గర పాత చిట్కా ఒకటుంది. అనుమానం ఉన్నచోట కిరోసిన్ రాసి కొద్దిసేపు ఆగండి. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచెయ్యండి. దాని మీద సుద్దముక్క పొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ బయటికి ఊరి, తెల్లటి పొడి మీద తడి గీతలా కనిపిస్తుంది. అంతే!

మిగతావి కూడా చూసుకోండి:

• బెంచ్ వైస్ అయితే స్క్రూ మరలు అరిగాయా, దవడలు సమానంగా మూసుకుంటున్నాయా చూడాలి.

• చిత్రిక అయితే బ్లేడు బయటికొచ్చే సందు దగ్గర, పక్క గోడల దగ్గర పగుళ్లు వెతకాలి.

• లేత్ అయితే చక్‌కి దగ్గర్లో బెడ్ ఎంత అరిగిందో చూడాలి. పనంతా అక్కడే జరుగుతుంది కాబట్టి అరుగుదల కూడా అక్కడే ఎక్కువ. గేర్ పళ్లు విరిగాయేమో కూడా చూడాలి.

• లేత్ బరువంతా పైభాగంలో, అదీ ఒకవైపు ఎక్కువగా ఉంటుంది. దించేటప్పుడు ఒరిగిపోయే ప్రమాదం ఉంది. నలుగురు స్నేహితులతో సరిపెట్టుకోకుండా క్రేన్ పిలిపించుకోండి.

తుప్పు వదిలించే 3 మార్గాలు

ఇత్తడి బిందెని చింతపండుతో తోమితే చిలుము ఎందుకు పోతుంది? అందులోని పులుపు, అంటే ఆమ్లం, చిలుముని కరిగిస్తుంది. ఇనుముకీ దాదాపు ఇదే సూత్రం.

మొదటిది వెనిగర్. సామాను మునిగేలా పోసి ఒక రాత్రి ఉంచితే తుప్పు మెత్తబడుతుంది. బ్రష్‌తో రుద్దితే ఊడొస్తుంది. కానీ రోజుల తరబడి వదిలేస్తే ఆమ్లం మంచి లోహాన్ని కూడా తినేస్తుంది.

రెండోది నిమ్మ ఉప్పు. కిరాణా షాపులో దొరుకుతుంది, వాసన తక్కువ. గోరువెచ్చని నీళ్లలో కలిపి, కొన్ని గంటలకోసారి తీసి చూసుకోవాలి. ఈ రెండిట్లో ఏది వాడినా తర్వాత వంట సోడా నీళ్లలో కడగాలి. వెంటనే పూర్తిగా ఆరబెట్టి నూనె రాయాలి. లేదంటే శుభ్రమైన ఇనుము మీద నిమిషాల్లోనే కొత్త తుప్పు మొదలవుతుంది.

మూడోది కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ టబ్‌లో నీళ్లు పోసి, 5 లీటర్లకి ఒకటి రెండు టేబుల్ స్పూన్ల వాషింగ్ సోడా కలుపుతారు. బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ వైరు పనిముట్టుకి, పాజిటివ్ వైరు ఒక పాత ఇనుప కడ్డీకి తగిలిస్తారు. తుప్పు వదులవుతుంది, మంచి లోహం అలాగే ఉంటుంది. వైర్లు తారుమారైతే మాత్రం కరిగిపోయేది మీ పనిముట్టే! ఇంకో సంగతి.. ఈ పద్ధతిలో పాత రంగు కూడా ఊడిపోతుంది. అసలు రంగు బాగుంటే ఇది వద్దు.

బిగుసుకుపోయిన నట్టుని సుత్తితో బాదకండి. తుప్పు వదిలించే నూనె వేసి ఒకటి రెండు రోజులు ఆగి, కొంచెం బిగించి, కొంచెం వదులు చేస్తూ రండి. ఇక్కడ ఓపికే అసలు పనిముట్టు.

చిత్రికని మళ్లీ పనిలో పెట్టేదెలా?

విప్పేముందు ఫొటోలు తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అవే దారి చూపిస్తాయి. శుభ్రం చేశాక అడుగు భాగం చదునుగా ఉందో లేదో చూడాలి. మందపాటి గాజు పలక మీద ఎమరీ పేపర్ పరచండి. అడుగున మార్కర్‌తో గీతలు గీసి నాలుగుసార్లు రుద్దండి. గీతలు చెరిగినచోట ఎత్తు, మిగిలినచోట పల్లం. రుద్దేటప్పుడు బ్లేడుని లోపలికి లాగి, మిగతావన్నీ బిగించే ఉంచాలి. బిగింపు మారితే అడుగు భాగం కూడా కాస్త వంగుతుంది మరి.

అడుగు మొత్తం అద్దంలా అవ్వాల్సిన పని లేదు. ముందు కొస, బ్లేడు సందు, వెనక కొస ఒకే మట్టంలో ఉంటే చాలు.. పని జరుగుతుంది.

తర్వాత బ్లేడు. ముందు దాని వెనక వైపు చదును చెయ్యాలి. ఆ తర్వాత సుమారు 25 డిగ్రీల వాలులో సాన పట్టాలి. గ్రైండర్ వాడితే మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలం రంగుకి తిరిగిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే. ఇక పదును నిలవదు.

ఎక్కడ ఆగాలి? వీడియోలు చెప్పని మాట ఇదే

వీడియోకి మెరుపు కావాలి. పనిముట్టుకి అక్కర్లేదు. దానికి కావాల్సింది పదును, చదును, నూనె. ఈ తేడా తెలిస్తే సగం పని వచ్చేసినట్టే.

చేతులు పట్టీ పట్టీ నల్లగా నిగనిగలాడే చెక్క పిడి, ఇనుము మీద సమానంగా పరుచుకున్న ముదురు రంగు.. ఇవి మురికి కాదు, దాని వయసు. సేకరించేవాళ్లు ముందు చూసేది వాటినే. వైర్ బ్రష్‌తో, బఫింగ్‌తో వాటిని తీసేస్తే తిరిగి తేలేం. కంపెనీ ముద్ర కూడా చెరిగిపోతుంది. మన ఇళ్లలో బిందెల మీద పేర్లు కొట్టించినట్టే, వెనకటి పనివాళ్లు పనిముట్ల మీద తమ పేరులోని అక్షరాలు కొట్టుకునేవాళ్లు. మీ తాతగారి ఉలి మీద అలాంటి గుర్తు ఉంటే.. దాన్ని గీకేశాక ఆ ఉలి ఎవరిదైనా ఒకటే.

అలాగని అద్దాల బీరువాలో పెట్టాలనీ కాదు. బ్రిటన్‌లో 'టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్' అనే స్వచ్ఛంద సంస్థ వాడని పనిముట్లని విరాళంగా తీసుకుని, బాగుచేసి, ఆఫ్రికాలోని చేతివృత్తుల వాళ్లకి పంపుతూ వచ్చింది. ఒకరింట్లో మూలన పడ్డ రంపం ఇంకొకరికి కూడు పెడుతుంది.

ఈ 5 జాగ్రత్తలు మర్చిపోవద్దు

1. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లోనే. అందుకే పాత రంగుని పొడిగా గీకొద్దు, మంటతో కాల్చొద్దు. ఆ దుమ్ము పిల్లలకి మరీ ప్రమాదం.

2. కరెంటు పద్ధతిలో పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ గరిటెలు, పళ్లేలు పెట్టొద్దు. క్యాన్సర్ కారకమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. ఈ పద్ధతిలో మండే హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది కాబట్టి ఆరుబయటే చెయ్యాలి. స్విచ్ ఆపాకే చెయ్యి పెట్టాలి.

3. చెక్క పిడికి అవిసె నూనె రాస్తే మంచిదే. కానీ ఆ నూనె గుడ్డని ఉండ చుట్టి పారేయకండి. దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరుబయట పరిచి పూర్తిగా ఆరనివ్వాలి.

4. పాత గ్రైండింగ్ రాయిని వాడేముందు వేలికి తగిలించి, చెక్క పిడితో మెల్లగా కొట్టి చూడండి. ఖంగుమంటే సరే. బొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టే. తిరిగేటప్పుడు ముక్కలై ఎగురుతుంది.

5. పాత యంత్రాలకి బెల్టులు, గేర్ల మీద కవర్లు ఉండకపోవచ్చు. అవి బిగించి, వైరింగ్, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే స్విచ్ వెయ్యండి. తిరిగే లేత్ దగ్గర చేతి తొడుగులు, వదులు చొక్కాలు, కండువాలు వద్దే వద్దు.

దసరాకి ఆయుధ పూజ చేసేటప్పుడు పనిముట్లకి పసుపు కుంకుమ పెడతాం. ఈసారి పండగకి ముందే ఆ పాత పెట్టె ఒకసారి అటక మీంచి దించండి. మొత్తం ఒకేసారి వద్దు. ఒక్క ఉలితో మొదలుపెట్టండి. తుప్పు వదిలించి, సాన పట్టి, ఒక చెక్క ముక్క మీద నడిపి చూడండి. పొట్టు సన్నగా చుట్ట చుట్టుకుని లేచిందంటే.. తాతగారి ఉలి మళ్లీ పనిలోకి వచ్చినట్టే!

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసమే. రసాయనాలు, కరెంటు, తిరిగే యంత్రాలతో పని చేసేటప్పుడు కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉంటే ఇంకా మంచిది.