బుస కొట్టని లాప్‌టాప్

“అన్నా, స్టేజీ మీద కీబోర్డు వాయించడానికీ, ఎక్కడికెళ్తే అక్కడ రికార్డు చేసుకోవడానికీ పనికొచ్చే లాప్‌టాప్ ఒకటి చెప్పండి” అని మా ఊరి కుర్రాడొకడు మొన్న ఫోను చేశాడు. ఇక్కడ ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉగాదికీ సంక్రాంతికీ పిల్లల చేత పాటలు పాడించే బాధ్యత ఈ ఏడాది అతని నెత్తిన పడింది. ఈ విషయంలో నాకున్న అర్హతల్లా రెండుసార్లు భంగపడటమే. ఆ రెండూ చెబితే అసలు సంగతి అర్థమవుతుంది.

మొదటిది 2008లో. మా పెద్దత్త కొడుకు దగ్గరికి వచ్చి ఆరు నెలలుంది. ఆవిడకి “ఊర్మిళాదేవి నిద్ర” మొత్తం నోటికి వచ్చు. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రపోవడం ఆ పాటలో కథ. ఇలాంటి ఆడవాళ్ళ రామాయణం పాటల మీద వెల్చేరు నారాయణరావు గారు రాసిన ఇంగ్లీషు వ్యాసం 1991లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసిన పుస్తకంలో వచ్చింది. అది చదివిన ఉత్సాహంలో, ఆవిడ తిరుగు ప్రయాణానికి వారం ముందు, నా లాప్‌టాప్, ఒక మైకు పట్టుకుని బావ ఇంటికి వెళ్ళాను. అచ్చయిన పాటకీ ఆవిడ పాడేదానికీ అక్కడక్కడా తేడాలున్నాయి. నాకు కావలసింది ఆ తేడాలే.

పావుగంట పాడిందో లేదో, ఆగి, “ఒరేయ్, అదేదో బుస కొడుతోందిరా” అంది. లాప్‌టాప్ ఫ్యాను! మైకు దానికి రెండడుగుల దూరంలో ఉంది. “ఏం ఫరవాలేదత్తా, నువ్వు పాడు” అన్నాను. ఇంటికొచ్చి వింటే పాట వెనక పాము బుసే కాదు, పాట మధ్యలో ఖాళీలు కూడా ఉన్నాయి. నేను రికార్డు చేస్తున్న వేళకే యాంటీవైరస్ నిద్రలేచి హార్డుడిస్కు మొత్తం గాలించడం మొదలుపెట్టింది. డిస్కుకి రెండు పనులూ చెయ్యడానికి ఊపిరి చాలక, ఒక్కోచోట సెకను, రెండు సెకన్ల పాట గాల్లో కలిసిపోయింది. మళ్ళీ వెళ్ళి పాడించుకుందామంటే ఆఫీసులో పని. ఈలోగా ఆవిడ విమానం ఎక్కేసింది.

రెండోది 2013 ఉగాది. హాలు నిండా జనం. కీబోర్డు నుంచి తీగ లాప్‌టాప్‌లోకి, లాప్‌టాప్‌లోంచి వీణ, వేణువు శబ్దాలు స్పీకర్లలోకి. ఇంట్లో పదిసార్లు వాయించినప్పుడు బంగారంలా పనిచేసింది. వేదిక మీద రెండో చరణంలో చిటపటలు మొదలయ్యాయి, ఎవరో పోపు పెడుతున్నట్టు. మైకు పాడైందని ఒకాయన లేచి మైకు తట్టడం మొదలుపెట్టారు. పిల్లలు బిక్కమొహం వేసి నావైపు చూశారు. నా లాప్‌టాప్ హాల్లో ఉన్న వైర్‌లెస్ నెట్‌వర్కుల కోసం వెతుక్కుంటోందని ఇంటికెళ్ళాక తేలింది. అంతకుముందే రెట్టింపు మెమరీ, వేగమైన ప్రాసెసరు పెట్టి కొన్న కంప్యూటరది!

ఇక్కడే ఉంది కిటుకు. కంప్యూటరు ధ్వనిని ధారలా పొయ్యదు, చిన్న చిన్న చెంబులతో పోస్తుంది. ఆ చెంబుని బఫర్ అంటారు. సీడీ నాణ్యతలో సెకనుకి 44,100 శాంపిళ్ళు. బఫర్ 128 శాంపిళ్ళని పెట్టుకుంటే ప్రతి 2.9 మిల్లీసెకన్లకీ ఒక చెంబు నిండాలి. అంటే సెకనుకి దాదాపు 345 చెంబులు, రెండు గంటల కచేరీలో 25 లక్షలకి కాస్త తక్కువ. వాటిలో ఒక్కటి ఆలస్యమైతే చాలు, “టప్” మని హాలంతా వినిపిస్తుంది. దుకాణం వాడు అట్టపెట్టె మీద రాసే గిగాహెర్ట్జులు ఈ కంప్యూటరు ఎంత వేగంగా పరిగెత్తగలదో చెబుతాయి తప్ప, ఎప్పుడైనా ఆగిపోతుందా అన్నది చెప్పవు. మనకి కావలసింది రెండోది.

చెంబు పెద్దది చేసుకోవచ్చు కదా అనొచ్చు. చేసుకుంటే చిటపటలు తగ్గుతాయి, కానీ మీట నొక్కాక మోత ఆలస్యమవుతుంది. ధ్వని గాలిలో మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే పక్కవాద్యం మూడున్నర మీటర్ల అవతల కూర్చున్నట్టు. అది మనకి అలవాటే. ఇరవై దాటితే వేళ్ళకీ చెవికీ పొత్తు కుదరదు, మృదంగం వాయించేవాడైతే ముందు మొహమాటంగా నవ్వి తరవాత విసుక్కుంటాడు. కీబోర్డు వాయించేటప్పుడు బఫర్ 128 దగ్గరే ఉంచి, ఉత్త రికార్డింగుకి 512, 1024 పెట్టుకోండి. అక్కడ తొందరేం లేదు.

చెంబుని ఆలస్యం చేసేది చాలాసార్లు ప్రాసెసరు కాదు, దాన్ని మధ్యలో పట్టుకుని కబుర్లలోకి దింపే డ్రైవర్లు: వైఫై, బ్లూటూత్, వీడియో కార్డు, బ్యాటరీ లెక్క చూసే ముక్క. ఒకే ధర, ఒకే ప్రాసెసరు ఉన్న రెండు విండోస్ లాప్‌టాప్‌లలో ఒకటి వేదికకి పనికొచ్చి ఇంకొకటి పనికిరాకపోవడానికి కారణమిదే. పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అని ఉచిత ప్రోగ్రాము ఉంది. అరగంట నడిపితే ఏ డ్రైవరు ఎంతసేపు అడ్డుపడిందో పేరుపెట్టి చెబుతుంది. ఇక్కడ చాలా దుకాణాలు రెండు వారాల్లో వాపసు తీసుకుంటాయి కదా, ఆ రెండు వారాలూ దీనికే వాడుకోండి. కొన్న రోజే వైఫై ఆపి ఒకసారి, ఆన్‌లో ఉంచి ఒకసారి. చార్జరు పెట్టి, తీసేసి. చివరిగా రెండు గంటలు ఏకబిగిన వాయిస్తూ చూడండి. కొన్ని లాప్‌టాప్‌లు చార్జరు పీకగానే పొదుపు పేరుతో నెమ్మదిస్తాయి. ఇంకొన్ని సన్నగా నాజూగ్గా ఉండి, పావుగంటకే వేడెక్కి నడక తగ్గిస్తాయి. ఏఎస్ఐఓ డ్రైవరు ఇంటర్‌ఫేసు తయారుచేసినవాళ్ళదే వాడండి. ఏఆర్ఎం ప్రాసెసరున్న విండోస్ లాప్‌టాప్ కొనాలనుకుంటే, మీ ఇంటర్‌ఫేసుకి ఆ డ్రైవరు ఉందో లేదో ముందే కనుక్కోండి.

మరి మాక్? నేను ఎవరి పార్టీ కాదు గానీ, ఉన్నమాట చెప్పాలి. కోర్ ఆడియో ఆపరేటింగ్ సిస్టంలోనే ఉండటం వల్ల తలనొప్పి తక్కువ. 2020 నవంబరులో వచ్చిన ఎం1 మాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు. మా పెద్దత్త బుసకి అంతకన్నా మందేముంది? బ్యాటరీ మీదున్నా దాని వేగం పెద్దగా తగ్గదు. వరసగా భారీ పని చెప్తే అదీ వేడెక్కి నెమ్మదిస్తుంది గానీ, ఒక పియానో, ఒక వేణువు, కాస్త ప్రతిధ్వని దానికొక లెక్కలోది కాదు. వేదిక కోసం మాక్‌లో మెయిన్‌స్టేజ్ ఉంది. విండోస్‌లో కాంటాబైల్, గిగ్ పెర్ఫార్మర్ లాంటివి ఉన్నాయి. మెమరీ 16 జీబీ, డిస్కు 512 జీబీ ఉన్న రిఫర్బిష్డ్ మాక్ అయినా మన పనికి చాలు. ఆపరేటింగ్ సిస్టం కొత్త వెర్షను రాగానే మాత్రం ఎక్కించకండి. ఉగాది అయ్యాక చూసుకోవచ్చు.

రికార్డింగుకి కంప్యూటరు బలం ఎంత కావాలన్నది జనం అనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఎనిమిది మైకులు ఒకేసారి తీసుకున్నా గంటకి నాలుగు జీబీల పైచిలుకు. తీగలో పోయేది సెకనుకి తొమ్మిది మెగాబిట్ల చిల్లర. పాత యూఎస్‌బీ 2కే 480 మెగాబిట్ల దారి ఉంది. ఖరీదైన పోర్టుల కోసం అప్పులు చెయ్యక్కర్లేదు.

గుడి హాళ్ళలో ఇంకో చిక్కుంది: “ఊఁ” మని హోరు. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జులు గనక హోరూ దానికి చుట్టమే. చార్జరు పీకితే ఆగిపోయిందంటే అది గ్రౌండ్ లూప్. హెడ్‌ఫోను రంధ్రం నుంచి మిక్సరుకి తీగ లాగకుండా, ఇంటర్‌ఫేసు నుంచి బ్యాలెన్స్‌డ్ తీగతోనో, గ్రౌండ్ తీసే మీట ఉన్న డీఐ బాక్సుతోనో ఇవ్వండి. మూడు పిన్నుల ప్లగ్గులో మూడోదాన్ని విరిచేసే మహానుభావులున్నారు, ఆ పని మాత్రం చెయ్యకండి. చలికాలంలో ఇంకో జాగ్రత్త: కారు డిక్కీలో గడ్డకట్టిన లాప్‌టాప్‌ని వెచ్చటి హాల్లోకి తెచ్చి వెంటనే తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. సంచీలోనే గంటసేపు ఉండనివ్వండి.

శ్రుతిని మటుకు లాప్‌టాప్‌కి అప్పగించకండి. 1978 నుంచి జరుగుతున్న క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకి మావాళ్ళు ఏటా రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్తారు. సంచీలో రాడెల్ ఎలక్ట్రానిక్ తంబూరానో, ఫోనులో శ్రుతి ఆప్‌నో ఉంటుంది. కంప్యూటరు పడుకున్నా శ్రుతి ఆగకూడదు. పిల్లల పాటల ట్రాకులు కూడా ఫోనులో ఒక కాపీ ఉంచుకుని, దాని తీగ ముందే మిక్సరుకి తగిలించి పెట్టుకోవాలని మా కుర్రాడికి మరీ మరీ చెప్పాను.

ఇక ఎవరింట్లోనో కూర్చుని ఒక పెద్దావిడ పాట రికార్డు చెయ్యాలంటే లాప్‌టాప్ అసలు తీసుకెళ్ళకండి. జేబులో పట్టే రికార్డరు చాలు. ఇప్పుడొస్తున్న 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లయితే గొంతు పెంచినా తగ్గించినా లెవెల్ చూసుకునే పనుండదు. బల్ల మీద తెర వెలుగుతూ ఉంటే వాళ్ళు దాన్ని చూస్తారు, మనమూ దాన్నే చూస్తాం, పాట మీద ధ్యాస పోతుంది. 2008లో నేను తలెత్తి పెద్దత్త మొహం చూసింది తక్కువ.

ఆవిడ మళ్ళీ అమెరికా రాలేదు. నేను తణుకు వెళ్ళేసరికి పాట సగం మర్చిపోయింది, ఆ తరవాతేడాది పోయింది. ఆ పాత ఫైలుని ఈమధ్య కొత్త సాఫ్ట్‌వేరులో వేస్తే బుస చాలామటుకు పోయింది. ఖాళీలు ఏడు. అందులో మూడింటికి మా బావకి పదాలు గుర్తొచ్చాయి. మిగతా నాలుగూ మా చిన్నత్తకి తెలుస్తాయేమోనని వచ్చే డిసెంబరులో వెళ్తున్నాను. సంచీలో రికార్డరు, రెండు జతల బ్యాటరీలు సర్దేశాను.