మీకు తెలుసా? దోషము ప్రాసెసరుది, నింద గ్రాఫిక్సు కార్డుది

ఇంటెల్ 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లను కొన్నవారిలో పలువురు, ఆట తెరచినంతనే కంప్యూటరు కుప్పకూలుటయు, వీడియో మెమొరీ చాలదను సందేశము తెరపై నిలుచుటయు చూచి, పాపము, ఏ పాపమునెరుగని గ్రాఫిక్సు కార్డును శంకించిరి. మైక్రోకోడు అవసరమునకు మించిన వోల్టేజిని కోరుచుండుటచేతను, వేడిమి దానికి తోడగుటచేతను, ప్రాసెసరు కోరులో క్లాక్ సంకేతములను పంచు వలయము క్రమక్రమముగా క్షీణించి, స్థిరముగా నడచుటకు వలయు కనీస వోల్టేజియే పెరిగిపోవుచుండెనని పిదప తేలినది. కోరుల వేగమును కొంత తగ్గించినంతనే క్రాషులు ఆగుట ఈ వ్యాధికి మంచి ఆనవాలు. 2024 ఆగస్టు మొదలు బయాస్ అప్‌డేట్లతో వచ్చిన మైక్రోకోడు రాబోవు క్షయమును అరికట్టుటకే గాని, అదివరకే చెడిన చిప్పును బాగుచేయుటకు చాలదు. కనుకనే ఇంటెల్ వారంటీని మరి 2 ఏండ్లు పొడిగించెను.