తాళంచెవుల గుత్తి ఎక్కడ దాచాలి?

1966లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒక చిత్రం జరిగింది. ఒకే కంప్యూటరును చాలామంది పంచుకునే రోజులవి. ఎవరి ఫైళ్లు వారికే దక్కేందుకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు ఉండేది. ఒకనాడు రెండు ఫైళ్లు తారుమారయ్యాయి. కంప్యూటరు తెరిచిన ప్రతివారికీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డుల పట్టీ వచ్చింది!

ఆ పట్టీని ఉన్నదున్నట్లు రాసి ఉంచడమే పొరపాటు. మీరు పాస్‌వర్డులను ఫోనులో మామూలుగా రాసుకున్నా, డైరీ పేజీని ఫోటో తీసి ఉంచుకున్నా అదే పొరపాటు చేస్తున్నారన్నమాట.

పోనీ, గుర్తుంచుకుంటే? పది పాస్‌వర్డులు ఎవరికి గుర్తుంటాయి! చివరకు అన్నిటికీ ఒకటే పెట్టేస్తాం. నా విద్యార్థి ఒకడు ఆటకూ, ఈమెయిలుకూ ఒకే పాస్‌వర్డు వాడాడు. ఆట వెబ్‌సైటు నుంచి అది దొంగల చేతికి చిక్కింది. ఈమెయిలూ పోయింది. స్కాలర్‌షిప్పు సమాచారం దానికే వచ్చేది. మళ్ళీ తెరిపించుకునేసరికి గడువు దాటింది, పాపం.

దీనికంటే కాగితం నయం. నవ్వకండి! దూరదేశంలో కూర్చున్న దొంగ మీ ఇంటి బీరువాలోని నోటుపుస్తకం చదవలేడు. దాన్ని బడిసంచీలో మోసుకు తిరగకుంటే చాలు.

ఇంకా మంచి సాధనం పాస్‌వర్డు మేనేజరు. మీ పాస్‌వర్డులన్నిటినీ గజిబిజి అక్షరాలుగా మార్చి దాచే పెట్టె ఇది. దీన్ని తెరిచేది ఒకే ఒక ప్రధాన పాస్‌వర్డు. దాన్ని టైపు చేయగానే పెట్టె తెరుచుకోదు. రోట్లో పప్పు రుబ్బినట్టు కంప్యూటరు దాన్ని గణితంతో తిప్పి తిప్పి అసలు తాళంచెవిని తయారుచేస్తుంది. ఒక ప్రసిద్ధ పద్ధతిలో కనీసం 6 లక్షల సార్లు తిప్పాలని నిపుణుల సూచన! ఎందుకింత శ్రమ? మీకు పట్టేది కొద్ది క్షణమే. కాని పెట్టెను ఎత్తుకుపోయిన దొంగ కోట్లకొద్దీ పాస్‌వర్డులు వేసి చూడాలి. ప్రతిదానికీ ఆ 6 లక్షల తిప్పుళ్లూ తప్పవు గదా!

ప్రధాన పాస్‌వర్డు 'రాజు123' అయితే మాత్రం ఇదంతా వృథా. వైకుంఠపాళీ పాచిక తెచ్చుకోండి. 5 సార్లు వేస్తే 6×6×6×6×6, అంటే 7776 రకాల ఫలితాలు. ఫలితానికొక మాట చొప్పున 7776 ఇంగ్లీషు మాటల పట్టీ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఈ పద్ధతిని 'డైస్‌వేర్' అంటారు. నాలుగు మాటలు ఏరితే 36 కోటి కోట్లకు పైగా కూర్పులు! ఐదారు మాటలైతే మరీ మేలు. నచ్చలేదని మాట మార్చకండి. మీకు నచ్చే మాటను దొంగ కూడా ఊహించగలడు.

మరచిపోతే? చాలా మేనేజర్లలో ఆ పెట్టెను తయారుచేసినవారు కూడా తెరవలేరు. కనుక ఆ మాటలను కాగితం మీద రాసి, అమ్మానాన్నలకు చెప్పి, సర్టిఫికెట్లతోపాటు బీరువాలో పెట్టండి. పైన 'పాస్‌వర్డు' అని మాత్రం రాయకండి.