ఆరోగ్యవరమును, తెల్లకణముల లెక్కయు

మదనపల్లె పట్టణమునకు అనతిదూరమున, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున, క్షయకు ఔషధమే లేని కాలములో చల్లని గాలిని, విశ్రాంతిని, పుష్టికరమైన ఆహారమును నమ్ముకొని వచ్చిన రోగులకు ఆశ్రయమైన ఊరు ఆరోగ్యవరము. 1912లో మిషనరీల సమష్టికృషిచే అంకురించి, డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ నాయకత్వమున వర్ధిల్లిన ఆ శానిటోరియము రోగులను ఆదరించిన సంగతి ఆ సీమ పెద్దలందరు ఎరుగుదురు. కాని రోగమును కొలుచుటలోను అది దేశమునకు దారి చూపినదని ఎరిగినవారు తక్కువ. మన దేశమున బి.సి.జి. టీకాలు 1948లో మొదలైనప్పుడు తొలి కేంద్రములలో మదనపల్లె యొకటి. ఆ టీకా నిజముగా కాపాడునా లేదా అని తేల్చుకొనుటకు 1950 మొదలుకొని చుట్టుపట్ల పల్లెల జనములో కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, ఉభయులను సంవత్సరముల తరబడి కనిపెట్టి చూచిరి. ఆ ఫలితములు 1964లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడినవి.

ఆ వైద్యుల చేతిలోని కొలబద్ద ట్యూబర్క్యులిన్ పరీక్ష. ముంజేతి చర్మములోనికి చుక్కంత మందు ఎక్కించి, మూడవ నాటికి అచ్చట గట్టిపడిన వాపును మిల్లీమీటర్లలో కొలుతురు. క్షయక్రిమి ఎప్పుడో ఆ దేహమున ప్రవేశించినదని ఆ వాపు చెప్పగలదే కాని, అది నిద్రించుచున్నదో, మేల్కొని ఊపిరితిత్తులను తినివేయుచున్నదో చెప్పజాలదు, పైగా బి.సి.జి. పడిన బిడ్డ చేయియు వాచవచ్చును. ఈ సందేహమును తీర్చు సాక్ష్యము కొంత రోగి రక్తములోనే, తెల్లకణముల పొరపైనే ఉన్నదని శాస్త్రజ్ఞులు ఇటీవల గ్రహించుచున్నారు. దానిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

యాంటీబాడీ యనునది రెండు చేతులును ఒక తోకయు గల ప్రోటీను. చేతులతో అది క్రిమిని పట్టుకొనును. ఒక్కొక్క క్రిమికి తగినట్లు ఆ చేతుల రూపము మారుచుండును. తోక మాత్రము ఒకే వర్గపు యాంటీబాడీలన్నింటికిని ఇంచుమించు ఒక్కటే. ఈ నిర్మాణమును బయటపెట్టుటకు ఇంగ్లండులో రోడ్నీ పోర్టరు వాడిన పనిముట్టు మన పెరటిలోనే దొరకును: పచ్చి బొప్పాయిని గీరినప్పుడు కారు పాలలోని పపైన్ అను ఎంజైము. మాంసము మెత్తగా ఉడుకుటకు బొప్పాయి ముక్క వేయు ఇల్లాలికి దాని శక్తి తెలియును. ఆ పపైన్ యాంటీబాడీని మూడు తునకలుగా కోయుననియు, వానిలో రెండు క్రిమిని పట్టుకొనగల చేతులనియు, మూడవది తేలికగా స్ఫటికముగా గట్టిపడుననియు పోర్టరు 1959లో ప్రకటించెను. ఆ మూడవ తునకయే తోక; దానిని ఎఫ్.సి. అందురు. ఈ కృషికి ఆయనకును, అమెరికాలో అదే సమస్యను వేరు మార్గమున ఛేదించిన జెరాల్డ్ ఎడెల్మన్‌కును 1972లో నోబెల్ బహుమానము లభించెను.

క్రిమిని పట్టిన యాంటీబాడీ తోకను అందుకొని, క్రిమితోకూడ మ్రింగివేయునది తెల్లకణము. అట్లు అందుకొనుటకై ఆ కణపు పొరపై అమరియున్నవే ఎఫ్.సి. గ్రాహకములు. వాని ఉనికియే తెలియని రోజులలో, 1903 ప్రాంతమున, లండనులో ఆల్మ్రాత్ రైట్ అను వైద్యుడు రోగి రక్తరసిని కలిపినప్పుడు ఒక్కొక్క తెల్లకణము ఎన్ని క్రిములను మ్రింగినదో సూక్ష్మదర్శినిలో లెక్కించి, ఆ అంకెను బట్టి క్షయచికిత్స నడుపజూచెను. చూచువారిని బట్టి లెక్క మారుచుండుటచే ఆ పద్ధతి నిలువలేదు. అయినను ఆలోచన గొప్పది. నేటి కొలతలు దాని సంతతియే యని నా విశ్వాసము.

మన రక్తములో విరివిగా నుండు ఐ.జి.జి. యాంటీబాడీలను అందుకొను గ్రాహకములలో ముఖ్యమైన తెగలు మూడు: సి.డి. 64, సి.డి. 32, సి.డి. 16. తెల్లకణములలో సగమునకు పైగా న్యూట్రోఫిల్ కణములే. ఆరోగ్యవంతుని న్యూట్రోఫిల్‌పై సి.డి. 16 లక్షకు పైగా నుండగా, సి.డి. 64 సాధారణముగా వేయి రెండువేలకు మించదు. కాని క్రిములు చొరబడి, ఇంటర్ఫెరాన్ గామా వంటి హెచ్చరికలు రక్తమున ప్రవహింపగనే, కొలది గంటలలో, కల్చరు పరీక్షలో క్రిమి మొలకెత్తకమునుపే, ఆ సంఖ్య పలురెట్లు, ఒక్కొక్కప్పుడు పదిరెట్లు పెరుగును.

ఇంత సూక్ష్మమైన వానిని లెక్కించుటెట్లు? ఒకే లక్ష్యమును పట్టు ఏకరూపపు యాంటీబాడీలను తయారుచేయు విధమును 1975లో కోహ్లర్, మిల్‌స్టైన్ కనుగొనిరి. సి.డి. 64ను మాత్రమే పట్టు అట్టి యాంటీబాడీకి మెరయు వర్ణద్రవ్యమును అతికించి, రెండు మూడు చుక్కల రక్తములో కలిపి, ఎఱ్ఱకణములను కరిగించి, మిగిలినవానిని ఫ్లో సైటోమీటరు అను యంత్రములోనికి పంపుదురు. మదనపల్లె మార్కెట్టులో రాశిగా పోసిన టమాటాలను ఒక్కొక్కటిగా చేతబట్టి, రంగును పరిమాణమును చూచి వేరుచేయు కూలీలవలె, ఆ యంత్రము సన్నని ధారలో వరుసగా పారు కణములను లేసరు కిరణము ముందునుండి ఒక్కొక్కటిగా సాగించుచు, సెకనుకు వేలకొలది కణముల పరిమాణమును, మెరుపును నమోదు చేయును. అయితే మెరుపు మెరుపే కాని అంకె కాదు. కావున ఎంతెంత వర్ణద్రవ్యము అతికియున్నదో ముందే తెలిసిన సూక్ష్మమైన పూసలను అదే యంత్రములో నడిపి, వాని మెరుపుతో పోల్చి, కణమునకు ఇన్ని గ్రాహకములని నిర్ణయింతురు. అదే రక్తములోని మోనోసైట్లపై సి.డి. 64 సదా ఉండును, లింఫోసైట్లపై ఉండదు. ఈ రెండును ఉండవలసినట్లు కనబడిననే ఫలితమును నమ్ముదురు. తన తప్పును తానే పట్టియిచ్చు ఈ గుణము నాకు మిక్కిలి నచ్చినది.

దీని ఉపయోగము ప్రధానముగా సెప్సిస్ వంటి విషమజ్వరములలో కనబడినది. ఇక క్షయ సంగతి. 2010లో లండను, దక్షిణాఫ్రికా రోగుల రక్తమును శోధించినవారు, మేల్కొనిన క్షయలో న్యూట్రోఫిల్ కణములయందు ఇంటర్ఫెరాన్ ప్రేరణచే పనిచేయు జన్యువులు విజృంభించుచున్నవని చూపిరి. క్షయ బయటపడుటకు సంవత్సరము ముందుగానే హెచ్చరింపగల 16 జన్యువుల జాబితా 2016లో దక్షిణాఫ్రికా యువజనుల పరిశీలనమునుండి వెలువడగా, సి.డి. 64ను నిర్మించు జన్యువు అందులో చేరియున్నది. అయితే కొన్ని వైరస్ జ్వరములలోను ఈ గ్రాహకము పెరుగును. శత్రువు వచ్చినదని చెప్పునే కాని శత్రువు పేరు చెప్పదు. కనుక ఇది కఫపరీక్షకు తోడు మాత్రమే.

పుంగనూరునుండియో, తమిళ కన్నడ పొలిమేరలనున్న కుప్పమునుండియో జ్వరముతో వచ్చిన కూలివానికి యాంటీబయాటిక్ ఈయవలెనా వలదా యని వైద్యుడు తరచుగా ఊహపైననే నిర్ణయింపవలసి వచ్చుచున్నది. అనవసరముగా పడిన ప్రతి మాత్రయు క్రిములను మొండివానిగా చేయుచున్నది. హెచ్.ఐ.వి. రోగుల సి.డి. 4 కణములను లెక్కించుటకు ఈ జాతి యంత్రములే మన రాష్ట్రములలోని ఆసుపత్రులకు వచ్చినవి గనుక, ఇది అందని సాధనము కాదు. కుప్పములో వైద్యకళాశాల కలదు; ఆరోగ్యవరము నేటికిని వైద్యకేంద్రముగా నడచుచున్నది. ఆరోగ్యమున, క్షయలో, సామాన్యజ్వరములో మన సీమ ప్రజల కణములపై ఈ గ్రాహకములు ఎన్నెన్ని యుండునో మన సీమలోనే లెక్కకట్టు పనిని ఇట్టి సంస్థలు చేపట్టవలెను. ప్రభుత్వము అందుకు ధనమీయవలెను. ఆ లెక్కలు చేతికి వచ్చులోపల, రెండు వారములుగా దగ్గు విడువనివారు సమీపమునగల ప్రభుత్వాసుపత్రికి పోయి కఫము పరీక్షింపించుకొనవలెను. పరీక్షయు, మందులును అచ్చట ఉచితము.