అమ్మినవారి బిల్లు, కొన్నవారి పన్ను

కాలిఫోర్నియా నుంచి టెక్సస్‌కు మకాం మార్చే తెలుగు కుటుంబాల్లో లెక్కలు మొదలయ్యేది ఒక్క మాటతోనే: అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. నిజమే. అసలు విధించడానికే వీల్లేదని 2019లో టెక్సస్ ఓటర్లు రాజ్యాంగ సవరణ కూడా ఆమోదించారు. ఆ ఉత్సాహంలో డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో ఇల్లు చూసుకుంటారు. ప్రకటనలో కనిపించిన నిరుటి ప్రాపర్టీ టాక్స్‌ను పన్నెండుతో భాగించి నెల వాయిదాకు కలిపేసుకుంటారు. లెక్క తప్పేది అక్కడే. ఆ అంకె అమ్ముతున్నవారి వయసు, వారు కొన్న సంవత్సరం, వారికున్న మినహాయింపుల నుంచి పుట్టింది. ఇల్లు చేతులు మారాక వాటిలో చాలావరకు మిగలవు. మన అలవాటు కూడా ఈ పొరపాటుకు దోహదం చేస్తుంది. తెలంగాణలో ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం ఒకేసారి కట్టేస్తాం. ఆ తర్వాత ఏటా వచ్చే ఇంటి పన్ను దాని ముందు చిన్నది. టెక్సస్‌లో వరస తిరగబడుతుంది: కొనేటప్పుడు బదిలీ పన్ను లేదు, కానీ డాలస్ చుట్టుపక్కల చాలా శివార్లలో ఇంటి విలువలో రెండు శాతం అటూ ఇటూగా ఏటా కడుతూనే ఉండాలి.

కొనుగోలుతో పన్ను మారిపోవడం టెక్సస్‌కే పరిమితం కాదు. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రొపొజిషన్ 13 మూల పన్నును ఒక శాతానికి కట్టేసింది, పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏటా రెండు శాతానికి మించి పెరగకూడదంది. ఇల్లు అమ్ముడైతే మాత్రం లెక్క మళ్లీ కొత్త ధర నుంచి మొదలవుతుంది. లాస్ ఏంజెలస్‌లో 1988లో ఇల్లు కొన్న ఒక మహిళ, అదే పేటలో అలాంటి ఇళ్లే ఉన్న పాతకాపుల కన్నా సుమారు ఐదు రెట్లు పన్ను కట్టాల్సి వచ్చింది. ఇది అన్యాయమని ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. నార్డ్‌లింగర్ వర్సెస్ హాన్ పేరుతో నడిచిన ఆ కేసులో 1992లో కోర్టు చట్టాన్నే సమర్థించింది. అంటే పక్కింటివాళ్ల బిల్లు చూసి మన బిల్లు ఊహించుకునే హక్కు కూడా పోయిందన్నమాట.

టెక్సస్‌లో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఏటా జనవరి 1 నాటి మార్కెట్ విలువ కడుతుంది. సొంతంగా నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటే, పన్ను వేసే విలువ ఏడాదికి పది శాతానికి మించి పెరగదు. అమ్మేవారు పదేళ్లుగా ఆ గొడుగు కింద ఉన్నారనుకోండి, వారి బిల్లు మార్కెట్ కన్నా బాగా వెనకబడి ఉండొచ్చు. 65 ఏళ్లు దాటినవారైతే స్కూలు పన్ను పెరగకుండా అక్కడే ఆగి ఉంటుంది. ఇల్లు చేతులు మారిన మరుసటి జనవరిలో ఈ రక్షణలు తొలగి, విలువ మార్కెట్ స్థాయికి చేరుతుంది.

మనవాళ్లు ఎక్కువగా ఇష్టపడే కొత్త కాలనీల్లో దెబ్బ ఇంకా గట్టిది. జనవరి 1 నాటికి ఇల్లు లేవకపోతే ఆ ఏడాది పన్ను స్థలానికే. ఆరు లక్షల డాలర్ల ఇల్లు, అందులో స్థలం విలువ లక్షా ఇరవై వేలు, అన్ని పన్నులూ కలిపి రెండు శాతం అనుకుందాం. మొదటి బిల్లు 2,400 డాలర్లు. బ్యాంకు దాన్నే ఆధారం చేసుకుంటే, పన్ను కోసం నెలనెలా డబ్బు పోగుచేసే ఎస్క్రో ఖాతాకు నెలకు 200 తీసుకుంటుంది. మరుసటి ఏడాది పూర్తి ఇంటిపై పన్ను 12,000. స్కూలు పన్ను లెక్కలో లక్షా నలభై వేల డాలర్ల విలువను వదిలేసే హోమ్‌స్టెడ్ మినహాయింపు తీశాక కూడా సుమారు పదిన్నర వేలు. ఇక నెలకు 870 కట్టాలి, దాంతోపాటు నిరుడు తగ్గిన ఎనిమిది వేలను పన్నెండు నెలల్లో పూడ్చాలి. రెండొందలున్న చోట పదిహేను వందలు! ‘ఎస్క్రో ఉందిగా, బ్యాంకే చూసుకుంటుంది’ అనేవారు ఒకటి గమనించాలి. బ్యాంకు డబ్బు చేరవేస్తుందే తప్ప, ఎంత కట్టాల్సి వస్తుందో ముందే సరిగ్గా చెప్తానని హామీ ఇవ్వదు.

ఆదాయపు పన్ను మిగులుతుంది కదా, అంతా సర్దుకుంటుందనే వాదనలో బలం ఉంది. జీతం పెద్దదై, ఇల్లు ఓ మోస్తరుదైతే టెక్సస్ లాభమే. కానీ ఆదాయపు పన్ను జీతంతోపాటు తగ్గుతుంది. ఇంటి పన్నుకు ఆ దయ లేదు. లేఆఫ్ వచ్చి హెచ్1బి గడువు లెక్కపెట్టుకుంటున్న నెలలోనూ అది అంతే ఉంటుంది. ఫెడరల్ పన్నులో తగ్గించుకోవచ్చంటారు. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు పరిమితి 2025లో పది వేల నుంచి నలభై వేల డాలర్లకు పెరిగిన మాట నిజం. అయితే మీ మినహాయింపులన్నీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్‌ను దాటినప్పుడే దాని ఫలం. 2025లో దంపతులకు అది 31,500. పది శాతం పరిమితి కాపాడుతుందనడం కూడా సగమే నిజం. అది హోమ్‌స్టెడ్ వచ్చిన మరుసటి ఏడాది నుంచి గానీ మొదలుకాదు. పైగా ఏటా పది శాతమంటే ఎనిమిదేళ్లలోపే రెట్టింపు.

కాబట్టి చూడాల్సింది పాత బిల్లును కాదు, ఆ చిరునామాకు వర్తించే రేట్లను. కౌంటీ, నగరం, స్కూల్ డిస్ట్రిక్ట్ దేనికది వేస్తాయి; ఎక్కువ భాగం స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. వాటిని కూడి మీరు పెట్టే ధరతో గుణించండి. హోమ్‌స్టెడ్ దరఖాస్తుకు ఫీజు లేదు. ఆ ఇంటి చిరునామాతో టెక్సస్ డ్రైవర్ లైసెన్స్ లేదా రాష్ట్ర గుర్తింపు కార్డు ఉండాలి, కనుక ముందు దాన్ని మార్చుకోవాలి. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మే 15లోగా, లేదా నోటీసు పంపిన ముప్పై రోజుల్లోగా, ఏది ఆలస్యమైతే ఆ తేదీలోగా అభ్యంతరం చెప్పొచ్చు. కొత్త కాలనీల్లో నీళ్లు, మురుగు కాలువల కోసం చేసిన అప్పు తీర్చడానికి మడ్ అనే జిల్లా పన్ను, రోడ్లు, పార్కుల వంటి వాటికి పిడ్ అనే రుసుము కలుస్తాయి. పిడ్‌ను హోమ్‌స్టెడ్ తగ్గించదు. ఇవి ఉన్నాయని ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా చెప్పే బాధ్యత చట్టప్రకారం అమ్మేవారిది. ఆ నోటీసు సంతకాల కట్టలో మిగతా కాగితాల మధ్య వస్తుంది. దాన్ని వేరుగా తీసి, అందులోని రేటును కూడా పై లెక్కలో కలుపుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.