వేట లేని జాగిలములు

గోడమీద బల్లి కనబడినంతనే నడక నాపి, ముందుకాలొకటి మడిచి గాలిలో నిలిపి, ముట్టె మొదలు తోకకొనవరకు దేహమంతయు ఒకే గీతగా సాగదీసి, ఊపిరి సడియైనను వినరాకుండ పావుగంటసేపు అట్లే నిలుచు కుక్కను చూచినవారెవ్వరును నవ్వు నాపుకొనజాలరు. ఇంటి యిల్లాలు పేరుపెట్టి పిలిచినను, పళ్లెములో అన్నము కలిపిన చప్పుడు చేసినను దాని చెవి కెక్కదు. బల్లి కదలి దీపము వెనుకకు పోయినచో, పాదముల సవ్వడి కాకుండ రెండడుగులు ముందుకు వేసి, మరల కొయ్యబారిపోవును. ఆ కుక్క పాయింటరు జాతికి చెందినది. పొదలో దాగిన కౌజుపిట్టను వాసనచే పసిగట్టి, దానిని బెదరగొట్టక, నిలిచినచోటనే నిలిచి, వెనుక తుపాకితో వచ్చు వేటగానికి పక్షి యున్న దిక్కును తన శరీరముతోనే చూపుట ఐరోపాఖండమున తరతరములుగా దాని పూర్వులు చేసిన కొలువు. కౌజుపిట్ట లేని యింటిలో దానికి బల్లియే కౌజుపిట్ట.

వేటజాతి పెంపుడుకుక్కల చేష్టలన్నింటికిని మూలసూత్రము ఈ చిన్న దృశ్యములోనే కలదు. మనకు నవ్వు పుట్టించు వాని వింతపోకడలలో పెక్కు ఒకనాటి పనియొక్క శేషములే. పని పోయినది, పనితనము మాత్రము నెత్తుటిలో నిలిచియున్నది. తోడేలు వేటాడు విధమును గమనించిన శాస్త్రజ్ఞులు దానిని కొన్ని అంగములుగా విభజించిరి: మృగమును గుర్తించుట, చూపు నిలుపుట, పొంచి నడచుట, తరుముట, నోట పట్టుట, చంపుట, చీల్చుట, తినుట. అమెరికా దేశపు జీవశాస్త్రజ్ఞులు రేమండ్ కాపింజరు, లోర్నా కాపింజరు దంపతులు 2001లో ప్రకటించిన శునకగ్రంథమున ఈ క్రమమును విపులముగా చర్చించిరి. తోడేలునం దీ క్రమము ఎక్కడను తెగక తుదివరకు సాగును. కుక్కలను చేరదీసి పెంచిన మనుష్యుడు తన యవసరమునకు తగినట్లు ఒక జాతిలో ఒక యంగమును పొడిగించి, వేరొక జాతిలో దానినే కుదించి, వేటను ముక్కలుగా పంచిపెట్టెను. పాయింటరులో పొంచుట యతిశయించినది; రిట్రీవరులో పట్టుట మిగిలి చంపుట యణగినది; టెర్రియరునకు చంపుటయందే మక్కువ. ఆ ముక్కలు నేడు మన వరండాలలోను, వంటిండ్లలోను, పడకగదులలోను తమంత తామే బయటపడుచుండుటచేత, పూర్వాపరములు తెలియని మనకు అవి కోతిచేష్టలుగా తోచుచున్నవి.

ఈ విషయమును ముందుగా గుర్తించినవారిలో చార్లెసు డార్విను ఒకడు. యౌవనమున ఆయనకు వేట యనిన ప్రాణము. తుపాకి, కుక్కలు, ఎలుకలు పట్టుట తప్ప నీకు వేరొక ధ్యాస లేదని తండ్రి తన్ను మందలించిన సంగతి ఆయనయే ఆత్మకథలో చెప్పెను. ఆ సహవాసము వ్యర్థము కాలేదు. 1859లో వెలువడిన జాతుల యుత్పత్తి గ్రంథమున సహజప్రవృత్తులను గూర్చి చెప్పుచు, పసి పాయింటరులు కొన్ని తొలిసారి పొలమునకు తీసికొనిపోయిన నాడే నిలిచి చూపునని, అట్టిదానిని తాను స్వయముగా చూచితినని వ్రాసి, ఎరపైకి దూకబోవు జంతువు దూకుటకు ముందు క్షణకాలము ఆగు నా యాగుటయే పెరిగి పెరిగి యీ నిలుపుగా మారియుండునని ఊహించెను. 1872లో భావప్రకటనను గూర్చి వ్రాసిన గ్రంథమున తన పెద్దకుక్క వర్తమాన మొకటి చెప్పెను. వాహ్యాళికి బయలుదేరినపుడు తల యెత్తి, తోక నిలిపి, గంభీరముగా ముందు నడచు నా కుక్క, యజమానుడు త్రోవలో మొక్కలు పెంచు గాజుగది వైపునకు ఒక్క యడుగు మరలినంతనే, షికారు ముగిసినదేమో యను శంకతో చెవులును తోకను వ్రేలవేసి, లోకమంతయు కూలిపోయినట్లు దిగులుముఖము పెట్టెడిది. ఆ ముఖమునకు ఇంటివారు ‘గాజుగది ముఖము’ అని పేరు పెట్టిరి. గొలుసును కొక్కెమునుండి తీసి, ఇంతలో ఫోను మ్రోగుటచే మరల తగిలించినపుడు, మన యిండ్ల కుక్కలు పెట్టునది అచ్చముగా ఆ ముఖమే.

మన పట్టణములలో విరివిగా కానవచ్చు వేటజాతి లాబ్రడారు. కుక్క మంచిదని అందరును చెప్పుదురు గాని, అది వేటకుక్క యని తలచువారు తక్కువ. దాని పూర్వులు కెనడా తీరమందలి న్యూఫౌండ్‌లాండు బెస్తవారియొద్ద చన్నీటిలో వలత్రాళ్లను నోటబట్టి లాగిన కుక్కలు. ఆంగ్లప్రభువులు వానిని తమ దేశమునకు కొనిపోయి, కొట్టిన బాతును నీటినుండి తెచ్చిపెట్టు కుక్కలుగా తీర్చిరి. దాని తమ్ముని వంటి గోల్డెన్ రిట్రీవరు స్కాట్లండు పర్వతసీమలోని గిసాకన్ అను ఎస్టేటులో ట్వీడ్‌మౌత్ ప్రభువు పెంపకమున 1868లో పుట్టిన పసుపువన్నె పిల్లలనుండి వచ్చినది. తెచ్చిన పక్షి నలగరాదు, ఈక చెదరరాదు. కావున ఈ జాతుల నోరు కోడిగ్రుడ్డును సైతము పగులకుండ మోయగలంత మెత్తనిది. చుట్టము గుమ్మములో అడుగిడినంతనే లోనికి పరుగెత్తి, దొరికినదేదియో, తలగడయో, తడిగుడ్డయో, తాతగారి చెప్పులలో ఎడమదియో నోటబట్టి, నడుమంతయు ఊపుచు వచ్చి యెదుట నిలుచు లాబ్రడారును చూచి, చెప్పు పాడుచేయుచున్నదని కసరుకొనుట అన్యాయము. తేరి చూచినచో చెప్పుపై పంటిగాటు ఉండదు, చొంగ మాత్రమే యుండును. సంతోషము పొంగినపుడు నోరు ఖాళీగా నుండుట దానికి తోచదు. మనము చేయి చాచినపుడు ఇచ్చునట్లే యిచ్చి, తుదిక్షణమున మోర ప్రక్కకు త్రిప్పుకొనుట మాత్రము పూర్వుల శిక్షణములోనిది కాదు. అది దాని సొంత వినోదము.

ఆకలి విషయమునను ఈ జాతికి ఒక ప్రత్యేకత కలదు. తిన్న పళ్లెమును గది యీ మూలనుండి ఆ మూలకు నాకుచు నెట్టుకొనిపోవుట, అప్పడము విరిగిన చప్పుడునకు గాఢనిద్రనుండి లేచి వచ్చుట, ఐదు నిమిషముల క్రితమే తిన్న సంగతి యెరుగని దానివలె గృహిణి కన్నులలోనికి చూచుట లాబ్రడారు నెరిగినవారికి నిత్యానుభవము. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఈ జాతిలో సుమారు నాలుగింట నొకదానికి పి.ఓ.ఎం.సి. అను జన్యువులో కొంత భాగము లోపించియున్నదనియు, కడుపు నిండినదని మెదడునకు తెలుపవలసిన సందేశము అందుచేత సరిగా అందదనియు కనుగొనిరి. అట్టి కుక్క ఆబగా తినుచున్నదని తిట్టుటలో అర్థము లేదు. దాని యాకలి నటన కాదు. ఐనను అది చూచు చూపునకు కరగి పెట్టుకొలది స్థూలకాయమును, కీళ్లనొప్పులును తప్పవు గాన, పళ్లెములోనిది కొలిచి పెట్టవలసినదే.

బీగిలు కథ వేరు. అది కన్నులతో కాక ముక్కుతో లోకమును చూచునది. ఇంగ్లండులో కుందేళ్లవేటకు గుంపులు గుంపులుగా పెంచిన యీ చిన్నకుక్కను ఉదయమున వీథిలోనికి తీసికొనిపోయినవారు, తాము కుక్కను నడిపించుటలేదనియు, కుక్కయొక్క ముక్కు తమ యిరువురను నడిపించుచున్నదనియు త్వరలోనే గ్రహింతురు. మానవుని నాసికలో వాసనను గ్రహించు కణములు 50, 60 లక్షలు మాత్రముండగా, ఇట్టి జాతులలో అవి 20 కోట్లకు పైబడి యుండునని అంచనా. పైగా కుక్క సెకనుకు సుమారు ఐదుసార్లు మూర్కొనును. విడిచిన గాలి ముక్కుపుటముల ప్రక్కనున్న చీలికలనుండి వెనుకకు పోవుటచే, ఎదుట నేలమీది వాసన చెదరదు. విద్యుత్స్తంభము మొదట ఏ కుక్క ఏనాడు నిలిచినదో అది తీరికగా చదువుకొనుచుండగా, మనకు కార్యాలయమునకు వేళ మించిపోవుచుండును.

బీగిలు ముక్కును ప్రభుత్వములును గుర్తించినవి. అమెరికా వ్యవసాయశాఖవారు 1984లో లాస్ ఏంజిలెస్ విమానాశ్రయమున బీగిలు దళమును నెలకొల్పిరి. చొక్కా తొడిగిన యీ కుక్కలు ప్రయాణికుల సామానుల నడుమ తిరుగుచు, నిషిద్ధమైన ఫలములను, మాంసమును పసిగట్టి, మొరుగక, బీభత్సము చేయక, ఆ పెట్టె ప్రక్కన నెమ్మదిగా కూర్చుండును. వానికి తొలుత నేర్పు వాసనలలో మామిడిపండు ఒకటి. కుమారుని చూడబోవుచు బంగినపల్లి పండ్లను చీరెల మడతలలో దాచి కొనిపోవు మన తల్లులకు ఈ సంగతి తెలిసియుండుట మేలు. అదే కుక్క అపార్టుమెంటులో పెరిగినపుడు, అల్మరాలో పైయరయందు మూతపెట్టిన డబ్బాలోని సున్నియుండల యునికిని కనిపెట్టి, దాని క్రింద అదే వినయముతో కూర్చుండి, ఎవ్వరును పట్టించుకొననిచో గొంతెత్తి సాగదీసి కూయును. అది మొరుగు కాదు, పూర్తిగా ఊళ కాదు. పొదలలో కనబడని తన గుంపు ఎక్కడ నున్నదో వెనుకనున్న వేటగానికి తెలియుటకు ఏర్పడిన నాదము. మూడంతస్తుల క్రిందివారి నిద్ర చెడుటకు కారణ మిదియే.

డాక్సుహుండు, జర్మనీలో బాడ్జరు అను బిలజంతువును దాని కలుగులోనికే చొచ్చి యెదిరించుటకు పెంచిన కుక్క. ఈ పొట్టికాళ్ల పొడవాటి కుక్క రాత్రివేళ దుప్పటి యంచును ముట్టెతో ఎత్తి, లోనికి దూరి, పాదములవరకు పోయి, అచట మూడుసార్లు తిరిగి, యజమానుని పిక్కలకు వీపానించి పడుకొనుట, దుప్పటి తీసినవారిపై గుర్రుమనుట బిలవాసముయొక్క జ్ఞాపకములే. పరుపును గోళ్లతో గీరుటయు అట్టిదే. నేలక్రింద మొరిగిన మొరుగు పైనున్న వేటగానికి వినబడవలెను గాన, దేహమునకు మించిన గొంతు దానికి అబ్బినది. తలుపు వెనుక మొరుగగా విని భీకరమైన శునక మేదియో కలదని వెనుదీసిన కొరియరు కుర్రవానికి, తలుపు తెరచిన పిమ్మట మోకాలికంటె క్రిందికి చూడవలసివచ్చును. పొట్టికాళ్లకు ఒక జన్యువుయొక్క యదనపు ప్రతి కారణమని 2009లో తేలినది. ఆ నిడుపాటి వెన్నునకు డిస్కుల వ్యాధి సులభముగా సోకును. సోఫాపైనుండి దూకుటను, మెట్లు ఎగబ్రాకుటను ముద్దుగా చూచి నవ్వుట కంటె, ఎత్తి దింపుట క్షేమము.

టెర్రియరులను గూర్చి ఎక్కువ చెప్పనవసరము లేదు. నక్కలవేటయందు మక్కువగల జాన్ రస్సెలను క్రైస్తవగురువు 1819లో ఒక పాలవానియొద్ద కొన్న ట్రంప్ అను ఆడకుక్కతో జాక్ రస్సెలు వంశము మొదలైనది. మేజోడునుగాని, కీచుమను రబ్బరుబొమ్మనుగాని పట్టి తల యిటు నటు విదలించు నా విసురు పందికొక్కు మెడ విరుచు విసురే. కీచు ఆగిన మరుక్షణమున బొమ్మపై దానికి మమకారము చచ్చిపోవుట అందువలననే.

మన దక్షిణదేశపు వేటకుక్కలు వాసనకంటె చూపును నమ్ముకొన్నవి. బాగల్కోటు జిల్లాలోని ముధోళ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే తన సీమ కుక్కలను ఐదవ జార్జికి కానుకగా నిచ్చెనని ప్రసిద్ధి. తెలుగు మాటాడు రాజులు తరతరములుగా స్థిరపడిన తమిళనాటి రాజపాళయము పేర వెలసిన తెల్లని కుక్క, అడవిపందుల వేటకు పేరుమోసినది. 2005లో తపాలాశాఖవారు ఈ రెండు జాతులకును బిళ్లలు వెలువరించిరి. వీని చేష్టలలో ముఖ్యమైనది సోమరితనము. గాలికి కొట్టుకొనిపోవు ప్లాస్టికు సంచిని కన్నుమూసి తెరచునంతలో వీథి చివరివరకు తరిమి, అది కదలక నిలిచినంతనే ఏమియు జరుగనట్లు ముఖము త్రిప్పుకొని, ఇల్లు చేరి, నాలుగుకాళ్లు పైకెత్తి, మెడ వ్రేలవేసి సాయంకాలమువరకు నిద్రించును. క్షణికవేగమునకు ఏర్పడిన దేహమది. కదలిక లేనిదేదియు దానికి ఎర కాదు. రాజపాళయపు పిల్లలలో కొన్ని పుట్టుచెవుడు కలవి కలుగుటయు కద్దు. అట్టిది పిలిచినను పలుకకున్నచో పొగరనుకొనరాదు. చేతిసైగలకు అది చక్కగా అలవడును.

1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన దేశమున వేట నిషిద్ధము; అది ఉచితమే. కాని జాగిలమునకు చట్టము తెలియదు. పగలంతయు రెండు గదులలో బంధించి, సాయంకాలము ఐదు నిమిషములు వీథికి త్రిప్పి తెచ్చినచో, మిగిలిన శక్తి యంతయు చీకటి పడిన పిమ్మట ఒక్కమారుగా పొంగి, నడుము వంచి, తోక ముడిచి, సోఫాపైనుండి మంచముమీదికి, మంచము క్రిందినుండి వంటింటికి సుడిగాలి పరుగులుగా బయటపడును. “దీనికేదో గాలి సోకిందే అమ్మాయీ, దిష్టి తీయండి” అని బామ్మగారు కంగారుపడుదురు. దానికి సోకినది ఏమియు లేదు. పని లేదు, అంతియే.

పని కల్పించుట కష్టము కాదు. బీగిలును వీథిలో లాగక, అరగంటలో పది గజములే నడచినను మూర్కొననిచ్చుట. ఇంటిలో నాలుగు ముంతలు బోర్లించి ఒకదాని క్రింద కారెట్టుముక్క దాచి వెదకించుట. లాబ్రడారుచేత బంతిని నీటిలోనుండియు గడ్డిలోనుండియు తెప్పించుట. డాక్సుహుండునకు పెరటిలో ఇసుకగుంట యొకటి విడిచిపెట్టుట. ముధోళజాతిని కంచె గల మైదానమున వారమునకు కొన్నిమార్లు విడిచి పరుగెత్తించుట. మన వేసవిలో ఇది యంతయు ఎండ యెక్కకముందే ముగియవలెను. తారురోడ్డుపై అరచేయి కొన్ని క్షణములు నిలుపలేనపుడు కుక్కపాదములును నిలువవు. టెర్రియరునకు పాత తువాలును గట్టిగా ముడివేసి ఇచ్చిన చాలును. అది విదలించి విదలించి చింపిన పిమ్మట, పీలికలను మ్రింగకముందే ఏరివేసి, మరియొక ముడి వేసి యిచ్చుట ఇంటివారి వంతు.